గుండె – నిర్ణీత స్థానంలో లేకపోవుట – గురించి

గవర్రాజు పోయి సంవత్సరీకం కాకుండానే ఆయనకి విశ్వవిద్యాలయం వారి సంజాయిషీ నోటీసు వచ్చింది.

తెచ్చిన అటెండరు మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, కుట్టుమిషను పక్కన నిలబడి, "గవర్రాజుగారున్నారాండీ?" అన్నాడు.

చీరకి ఫాల్ కుడుతున్న వరహాలమ్మ తలెత్తి చూసింది. "మీ దగ్గరే ఉన్నారు కదయ్యా."

అటెండరు కాసేపు ఆలోచించి, "ఆయ్, నిజమేనండీ. అయితే మీరే సంతకం పెట్టండి," అన్నాడు.

నోటీసు మంచి కాగితం మీద ఉంది.

"విషయం: దేహదానం – దాత శ్రీ గవర్రాజు (లేటు), దర్జీ – గుండె నిర్ణీత స్థానంలో లేకపోవుట – సంజాయిషీ కోరుట – గురించి. పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, తమ భర్తగారు మా వైద్య కళాశాలకు దానమిచ్చిన దేహమును శరీర నిర్మాణ శాస్త్ర విభాగమునందు నాలుగవ నంబరు బల్లపై విద్యార్థులు పరిశీలించగా, గుండె ఎడమవైపునకు బదులు కుడివైపునను, కాలేయము కుడివైపునకు బదులు ఎడమవైపునను ఉన్నట్లు బయటపడినది. ఇది విశ్వవిద్యాలయము ఆమోదించిన పరీక్షా కీకి పూర్తిగా విరుద్ధము. కావున సదరు దేహమును తమకు ఏల తిప్పి పంపరాదో విచారణ సంఘము ఎదుట హాజరై తెలుపవలెను."

వరహాలమ్మ రెండుసార్లు చదువుకుంది. తర్వాత షాపు నలుమూలలా చూసింది. ఆయన పొడుగుకి సరిపోయేది కటింగ్ బల్ల ఒక్కటే. అయితే దాని మీద పెళ్ళివారి బ్లౌజులున్నాయి.

ఆయన గుండె కుడివైపున ఉందన్న సంగతి ఆవిడకి కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో గవర్రాజుకి ఎడమ పొత్తికడుపులో నెప్పి వచ్చింది. చూసిన డాక్టరు, నెప్పి ఎడమవైపు కాబట్టి ఇది అపెండిక్స్ కానేకాదు, కిడ్నీలో రాయి అని తేల్చేసి బార్లీ నీళ్ళు తాగమన్నాడు. రాయి కరిగే లోపల అపెండిక్స్ పగిలింది. ఇంకో ఆసుపత్రికి మంచం మీద మోసుకెళితే, అక్కడ ఎక్స్‌రే తీసిన మనిషి ఫిల్ము చూసి, పొరపాటున తిరగేసి పట్టుకున్నాననుకుని, దాన్ని వెనక్కి తిప్పి "ఇదిగో, ఇప్పుడు సరిపోయింది," అన్నాడు. ఒక ముసలి డాక్టరు ఆ ఫిల్ముని మళ్ళీ ముందుకి తిప్పబట్టి గవర్రాజు బతికాడు. లోపలివన్నీ అద్దంలో బొమ్మలాగా అటువి ఇటు, ఇటువి అటు ఉన్నాయట. ఉంటే ఉన్నాయి, ఎవరి పని అవి చేసుకుంటున్నాయి, మనిషికేమీ లోటు లేదన్నాడాయన.

అప్పట్నించి గవర్రాజు తన చొక్కాలన్నిటికీ జేబు కుడివైపు కుట్టుకున్నాడు. "జేబు గుండె మీదుండాలే. లేకపోతే అది జేబు కాదు, అతుకు," అనేవాడు. చివర్లో దేహదానం కాగితం మీద సంతకం పెడుతూ, "నాబోటోడు ఒకడుంటాడని ఆ పిల్లలకి తెలియాలే వరాలూ. లేపోతే ఇంకెవడి చేతో బార్లీ నీళ్ళు తాగిస్తారు," అన్నాడు. అడిగిన కోరిక అదొక్కటే. అలాంటి మనిషిని ఇప్పుడు కొలత తప్పిన బ్లౌజులాగా వాపసు పంపిస్తామంటున్నారు.

వరహాలమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని విచారణకి వెళ్ళింది.

విచారణ సంఘంలో ముగ్గురున్నారు. మధ్యలో ప్రిన్సిపాల్ గారు. ఆయనకి కుడిపక్కన పరీక్షల కంట్రోలరు కామేశ్వరప్రసాద్. ఎడమపక్కన శరీర నిర్మాణ విభాగం పెద్ద, డాక్టర్ వైకుంఠరావు. ఆ పేరుండి ఆ విభాగానికొచ్చారో, ఆ విభాగానికొచ్చాక ఆ పేరు వచ్చిందో తెలీదు. ఒక మూలన, తప్పు చేసినదానిలా తెల్లకోటు పట్టుకుని ఒక సన్నటి పిల్ల నిలబడి ఉంది. పేరు ప్రవల్లిక. గొడవంతా ఆ పిల్లతోనే మొదలైంది. పరీక్షలో నాలుగో బల్ల దగ్గర నిలబడి 'గుండె కుడివైపున కలదు' అని రాసింది. కీ ప్రకారం ఎడమవైపు. సున్నా వేశారు. అక్కడితో ఊరుకోకుండా కీ మీద అభ్యంతరం పెట్టింది.

"అమ్మా," అన్నారు కంట్రోలరు గారు, గొంతు సవరించుకుని. "కీ అంటే ఏమిటో తమకు అవగాహన ఉందా?"

"తాళానికి ఉండేదాండీ?"

"విద్యావ్యవస్థ మొత్తానికి ఉండేది. ఎంసెట్ దగ్గర నుంచి ఎన్ని లక్షలమంది పిల్లలు కీ చూసుకుని నిద్రపోతున్నారో, కీ చూసుకుని నిద్ర మానేస్తున్నారో తమకు తెలియదు. ప్రాథమిక కీ వస్తుంది. అభ్యంతరాలు వస్తాయి. తుది కీ వస్తుంది. తుది కీ వచ్చాక ఇక భూమ్మీద ఎవ్వరూ మాట్లాడటానికి వీల్లేదు. అటువంటిది తమ భర్తగారు..." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తుది కీ వచ్చాక వ్యతిరేకించారు."

"ఆయన అంతకుముందే పోయారండీ."

"అది మరీ బాధ్యతారాహిత్యం."

ప్రిన్సిపాల్ గారు ఫైలు తిప్పారు. "దానం చేసేటప్పుడు తన అవయవాల అమరికను దాత ఎందుకు ప్రకటించలేదు?"

"మీరిచ్చిన కాగితంలో పేరు, వయసు, రెండు పుట్టుమచ్చలు అడిగారండీ. మచ్చలు రాశాం. గుండె ఎటుందో అడగలేదు మరి."

వైకుంఠరావు గారు నెమ్మదిగా కల్పించుకున్నారు. "సార్, ఇది లోపం కాదు. వేలల్లో ఒకరికి ఇలా ఉంటుంది. ఇలాంటి దేహం దొరకడం మన పిల్లల అదృష్టం. పుస్తకంలో కూడా ఉంది, అడుగున చిన్న అక్షరాల్లో..."

"చిన్న అక్షరాలు సిలబస్‌లో లేవు," అన్నారు కంట్రోలరు గారు.

"అయితే కీలో ఒక్క వాక్యం కలిపితే సరిపోతుంది కదా సార్? 'నాలుగో బల్లకి కుడివైపు' అని?"

"ఒక్క దేహం కోసం కీ మారిస్తే, రేపు ప్రతి దేహమూ తన ఇష్టం వచ్చినట్టు వస్తుంది."

అందరూ ఆ ప్రమాదాన్ని ఊహించుకున్నారు.

తర్వాత ప్రత్యామ్నాయాలు పరిశీలించారు. దేహాన్ని బోర్లా పడుకోబెడితే గుండె సరైన పక్కకి వస్తుంది కదా అన్నారు ప్రిన్సిపాల్ గారు. వస్తుంది గానీ కనపడదన్నారు వైకుంఠరావు గారు. కంట్రోలరు గారు కొంచెం మొహమాటపడుతూ వరహాలమ్మ వైపు తిరిగి, "తమరు కూడా దర్జీ పనిలోనే ఉన్నారని విన్నాను. లోపల చిన్న ఆల్టరేషన్ లాంటిది..." అన్నారు.

వైకుంఠరావు గారు లేచి నిలబడ్డారు. నలభై ఏళ్ళ సర్వీసులో ఆయన లేచి నిలబడటం అదే మొదటిసారని తర్వాత అందరూ అన్నారు. ఆ ప్రతిపాదన అక్కడితో విరమించుకున్నారు.

"అయితే వాపసే," అన్నారు ప్రిన్సిపాల్ గారు, కలం మూత తీస్తూ.

ప్రవల్లిక గభాలున, "వద్దు సార్! నేను అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను. సున్నా ఉంచుకుంటాను. తాతగారిని పంపించెయ్యకండి," అంది.

తాతగారు! వరహాలమ్మ ఆ పిల్లకేసి చూసింది. ఇంతమందిలో ఆయన్ని మనిషిలాగా పిలిచింది ఈ పిల్ల ఒక్కతే. ఆ క్షణంలో ఆవిడకి ఆ పాత ఎక్స్‌రే ఫిల్ము గుర్తొచ్చింది. 'ఇదిగో, ఇప్పుడు సరిపోయింది.'

"బాబూ," అంది వినయంగా. "మా షాపులో నిలువుటద్దం ఉందండీ. చొక్కా వేసుకుని చూసుకునేది. ఆయన అందులో చూసుకుంటే గుండె ఎడమవైపే ఉండేదండీ, మీరన్నట్టే. ఆ అద్దం బల్ల దగ్గర పెట్టించి, పిల్లల్ని అందులో చూడమంటే..."

నవ్వులాటకన్నది. మహా అయితే సిగ్గుపడతారనుకుంది.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వైకుంఠరావు గారు తల పట్టుకున్నారు. మిగిలిన ఇద్దరి మొహాలూ దీపావళి మతాబుల్లా వెలిగాయి.

"కీ మారదు," అన్నారు కంట్రోలరు గారు.

"దేహమూ మారదు," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"దృక్పథం మాత్రమే మారుతుంది," అని ఇద్దరూ కలిసి అన్నారు. ఆ మాటనే తీర్మానంలో రాశారు.

అద్దాన్ని ఆటోలో వేయించుకుపోయి, నాలుగో నంబరు బల్ల పక్కన ఏటవాలుగా బిగించారు. ప్రారంభోత్సవానికి వైస్ ఛాన్సలర్ గారు స్వయంగా వచ్చి రిబ్బను కత్తిరించారు. కొబ్బరికాయ కొట్టారు. 'ప్రతిబింబాధారిత బోధన' అని బ్యానరు కట్టారు. ఇది దేశంలోనే తొలి ప్రయోగమని, ప్రాచీనకాలంలో మనవాళ్ళకి అద్దాలుండేవని, కాబట్టి ఇది కూడా ఉండే ఉంటుందని ఆయన ఉపన్యసించారు. వరహాలమ్మకి శాలువా కప్పారు. గవర్రాజుకి కూడా ఒకటి తెచ్చారు గానీ ఎక్కడ కప్పాలో తోచక దాన్నీ ఆవిడ చేతిలోనే పెట్టారు.

ఆయన్ని ఉంచారు, అదే పదివేలనుకుని ఇంటికొచ్చింది. కానీ చీర మడత పెడుతుంటే మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది. ఆయన కోరింది అక్కడ ఉండటం కాదు. తిరగబడ్డ గుండె పిల్లల కంట పడాలని. తను అద్దం పెట్టి దాన్నే దాచేసింది. ఎక్స్‌రే ఫిల్ము తిప్పినవాడు తెలియక తిప్పాడు. తను తెలిసి తిప్పింది.

కొన్నాళ్ళకి ప్రవల్లిక షాపుకి వచ్చింది, తెల్లకోటు వదులైంది, పట్టించాలని. వరహాలమ్మ టేపు మెళ్ళో వేసుకుని, కొలత తీస్తూ నెమ్మదిగా అడిగింది. "ఏమ్మా, అద్దంలోంచి కాకుండా తిన్నగా చూస్తున్నారా ఆయన్ని?"

"చూసేవాళ్ళమండీ మొదట్లో. అద్దంలో పరీక్షకి, ఇటు తిరిగి మాకోసం. ఇప్పుడు సర్క్యులరు వచ్చిందండీ." ఆ పిల్ల ఫోన్లో చూపించింది. 'దేహమును నేరుగా చూచుట మాల్‌ప్రాక్టీసుగా పరిగణింపబడును.'

"అయ్యో రాత!"

"అంతేనా ఆంటీ? మిగతా ఏడు బల్లలకీ కూడా అద్దాలు పెట్టేశారు."

"వాళ్ళ గుండెలు సరిగ్గానే ఉన్నాయిగా?"

"ఉన్నాయండీ. కానీ ఒక బల్లకి అద్దం ఉండి ఇంకో బల్లకి లేకపోతే విద్యార్థుల మధ్య వివక్షట. ఏకరూపత కోసం పెట్టారు."

వరహాలమ్మ సూది నోట్లో పెట్టుకుని కాసేపు లెక్క వేసుకుంది. తర్వాత సూది తీసి, "అయితే ఇప్పుడు..." అంది.

"ఆఁ, అదేనండీ," అంది ప్రవల్లిక.

పరీక్షలు జరిగాయి. ఏడు బల్లల దగ్గరా పిల్లలు అద్దంలో చూసి, కనబడింది కనబడినట్టు, గుండె కుడివైపు అని రాశారు. మూకుమ్మడిగా తప్పారు. నాలుగో బల్ల దగ్గర నిలబడ్డవాళ్ళు మాత్రమే గట్టెక్కారు. విశ్వవిద్యాలయం వెంటనే ఫలితాలను విశ్లేషించి, ఎనిమిది దేహాల్లో కీకి కట్టుబడి ఉన్నది గవర్రాజుగారి దేహం ఒక్కటేనని తేల్చింది. ఆయనకి 'ఆదర్శ దేహం' అని ప్రశంసాపత్రం వచ్చింది. ఫ్రేము కట్టించి మరీ పంపారు. మిగతా ఏడు కుటుంబాలకీ నోటీసులు వెళ్ళాయి.

నూకరత్నం అనే ఆవిడ ఆ నోటీసు పట్టుకుని, ఆరా తీసుకుంటూ షాపుకే వచ్చేసింది. వాళ్ళ అత్తగారు ఆరో నంబరు బల్ల మీద ఉంది.

"మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ తిన్నగా ఒక్క మాట మాట్లాడ్లేదు, నిజమేనండీ. కానీ గుండె మాత్రం తిన్నగానే ఉండేదని డాక్టర్లు చెప్పారు. ఇప్పుడు ఈళ్ళు కుడివైపుందంటారేటండీ? వాపసు పంపిస్తారంట! ఆవిడ మళ్ళీ మా ఇంటికొస్తే నా గతేం కానండీ?" అంది, కళ్ళొత్తుకుంటూ. ఆ కన్నీళ్ళు ఏ బాధకో వరహాలమ్మకి సరిగ్గా అర్థం కాలేదు. కానీ మనిషి భయం మాత్రం నిజం.

"కూర్చోండి. కాస్త టీ తాగండి," అంది వరహాలమ్మ. "అద్దం తీసెయ్యమని మాత్రం అడక్కండి. వైస్ ఛాన్సలర్ గారు కొబ్బరికాయ కొట్టిన అద్దం, దాన్ని తియ్యలేరు. మంగలి షాపులో వెనకజుట్టు చూపించడానికి ఇంకో అద్దం పడతారు చూడండి? అలాగ మీ అత్తగారి దగ్గర రెండో అద్దం పెట్టమనండి. ఆ అద్దంలో ఈ అద్దాన్ని చూస్తే సరైపోతుంది."

ఈసారి నవ్వులాటకనలేదు. వాళ్ళ సంగతి తెలిసి అంది.

రెండో అద్దం పెట్టారు. నూకరత్నం అత్తగారు సర్దుకున్నారు. మిగిలిన ఆరుగురూ సర్దుకున్నారు. ఏకరూపత కోసం నాలుగో బల్లకీ రెండోది పెట్టారు. గవర్రాజు గుండె మళ్ళీ కుడివైపుకి పోయింది.

మర్యాదస్తుడైన అటెండరు మళ్ళీ చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. "ఆదర్శ దేహం ప్రశంసాపత్రం వెనక్కిచ్చెయ్యమన్నారండీ. ఫ్రేము ఉంచుకోవచ్చునంట."

మూడో అద్దం దగ్గర వ్యవహారం ముదిరింది. దేహానికి సరిసంఖ్య అద్దాలుండాలా, బేసిసంఖ్య అద్దాలుండాలా అని ఉపసంఘం వేశారు. అందులోకి గణితశాఖ నుంచి ఒక ప్రొఫెసర్ని పిలిపించారు. ఆయన మొదటి సమావేశంలోనే, అసలు ఒక్క అద్దమూ లేకుండా చూస్తే ఏమవుతుందని అడిగారు. ఆయన్ని రెండో సమావేశానికి పిలవలేదు. ఈలోగా హాలు నిండా అద్దాలే. ఎటు చూసినా పదహారుమంది వైకుంఠరావు గార్లు. తమ చెయ్యి ఏదో పక్కవాడి చెయ్యి ఏదో పిల్లలకి తెలియడం లేదు. ఒకడు తన ఎడమచేత్తో పెన్ను తీసుకోబోయి అద్దాన్ని గీరాడట. కుడి ఎడమలనే మాటలకి ఆ హాల్లో అర్థం పోయింది.

వైకుంఠరావు గారి రిటైర్మెంటు దగ్గరకొచ్చింది. ఆ ధైర్యంతో ఆయన ఒకరోజు సర్క్యులరుని మళ్ళీ మళ్ళీ చదివారు. తర్వాత పిల్లల్ని పిలిచి, "నేరుగా చూడకూడదన్నారు. అంతే కదా?" అన్నారు. "ముట్టుకోకూడదని ఎక్కడా రాయలేదు. కళ్ళు మూసుకోండి."

అప్పట్నించి ఆ బ్యాచి పిల్లలు కళ్ళు మూసుకుని నేర్చుకున్నారు. ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్ళి, ముందు దణ్ణం పెట్టి, చెయ్యి పెట్టి, ఇటు తడిమి, అటు తడిమి, గుండె ఎక్కడుందో వెతుక్కున్నారు. ఏ బల్ల దగ్గరికెళ్ళినా ఇక్కడుంటుందని ముందే అనుకోవడం మానేశారు. కీ ఏమంటుందో పరీక్షలో రాశారు. అందరూ పాసయ్యారు. విశ్వవిద్యాలయం వారు ఈ విజయాన్ని అద్దాల ఖాతాలో వేసుకున్నారు.

ఆ తర్వాత వరహాలమ్మ బీపీ చూపించుకోవడానికి ఆ కాలేజీ ఆసుపత్రికే వెళ్ళింది. నిజానికి బీపీ దగ్గర్లో ఎవరైనా చూస్తారు. ఆయనున్న ఆవరణ కదా అని వెళ్ళింది. ఓపీలో బల్లల మీద జనం, తెల్లకోట్లలో కొత్త పిల్లలు. వాళ్ళకి ఇప్పుడిప్పుడే రోగుల దగ్గరికి వెళ్ళి స్టెతస్కోపు పెట్టడం నేర్పుతున్నారు. తను బిగించి కుట్టిన కోటుని దూరం నుంచే గుర్తుపట్టింది. ప్రవల్లిక అవతలి బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషి ముందు వంగి ఉంది.

పంచె, ఖద్దరు చొక్కా, నలుగురిని శాసించే వాలకం ఆయనది. ఆ పిల్ల స్టెతస్కోపు ముందు ఆయన కుడివైపు పెట్టింది. విన్నది. అప్పుడు ఎడమవైపు పెట్టింది. విన్నది. మళ్ళీ చేత్తో తడిమి చూసుకుంది. పక్కన ఇంకో పిల్లాడు, వాడి పక్కన ఇంకో పిల్ల, అందరూ అదే వరస. ముందు కుడి, తర్వాత ఎడమ.

పెద్దమనిషికి ఓపిక పోయింది. "ఏమ్మాయ్! డాక్టరు చదువుతున్నావు, మనిషికి గుండె ఏ పక్కనుంటాదో కూడా తెలీదా నీకు?"

ప్రవల్లిక స్టెతస్కోపు చెవుల్లోంచి తీసింది.

"తెలీదండీ," అంది. "అందుకే చూస్తున్నాను."

వరహాలమ్మ చేతిలోని చీటీని మడతపెట్టి సంచీలో వేసుకుంది. బీపీ చూపించుకోకుండానే ఇంటికొచ్చేసింది. ఆ రోజు కాస్త ఎక్కువే ఉండి ఉంటుంది, చూపించుకుంటే అనవసరంగా మాత్రలు రాస్తారు.